పలకని పెట్టె

సాంసన్‌ను దొంగ అన్నది మనిషి కాదు, ఒక పెట్టె. అతనికి ఎక్కువ మండింది అక్కడే. మనిషైతే గల్లా పట్టుకుని, ఎప్పుడు చూశావురా నువ్వు అని అడగొచ్చు. పెట్టెకు గల్లా ఎక్కడుంటుంది?

గద్వాల ఆఫీసులో ఏసీ గది ఒకటి, అందులో అద్దాల బీరువా ఒకటి, ఆ బీరువాలో ఈ పెట్టె. దీని జోడు వనపర్తి ఆఫీసులో ఉంది. రెంటికీ మధ్య రోడ్డు పక్కన మట్టిలో వెలుగును మోసే గాజు తీగ పరిచారు. ఆ తీగ కోసం కందకం తవ్విన వాళ్లలో సాంసన్ కూడా ఉన్నాడు. మల్దకల్ దగ్గరి పల్లె అతనిది. ఏడో తరగతి సగంలో బడి మానేసి పూణేలో, బొంబాయిలో మట్టి తవ్వి తవ్వి, నెత్తి నెరిసే వేళకు ఈ ప్రాజెక్టులో లైను చూసుకునే పనికి కుదురుకున్నాడు. తీగ ఎక్కడ తెగినా పోయి అతికేది అతనే.

పెట్టెల పని తాళం చెవులు తయారు చేయడం. ఇనుప చెవులు కావు. వెలుగు రవ్వల ఆధారంగా రెండు చోట్లా ఒకేసారి పుట్టే రహస్య సంఖ్యలు. ఆ సంఖ్యతో కబురును మూసి పంపితే అదే సంఖ్య ఉన్నవాడే తెరవగలడు. దారిలో ఆ వెలుగును ఎవడు ముట్టుకున్నా పెట్టెకు తెలిసిపోతుందని, పెట్టెలు అమ్మిన కంపెనీ ఇంజనీరు శివకుమార్ ప్రారంభం నాడు మైకు పట్టుకుని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సాంసన్ కూడా కొట్టాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

గద్వాల ల్యాబులో సీడ్ పత్తి గింజల పరీక్షలు జరుగుతాయి. ఏ రైతు గింజ పాసైందో, ఎవరిది ఫెయిలైందో ఆ తీగ మీదుగా వనపర్తికి పోవాలి. ప్రకటించేదాకా మూడో మనిషికి తెలియకూడదు. ఈ ఏడు తెలిసిపోయింది. దళారులు ముందే ఊళ్ల మీద పడ్డారు. పాసైన గింజను కూడా ఫెయిలయ్యేటట్టుంది అని బెదిరించి అడ్డికి పావుశేరుకు ఎత్తుకుపోయారు. రైతులు వచ్చి ఆఫీసు ముందు బైఠాయించారు.

శివకుమార్ పెట్టె రిపోర్టు తీశాడు. దారిలో నన్నెవరూ ముట్టుకోలేదు అంటోంది పెట్టె. అయితే రహస్యం తీగలోంచి పోలేదు, గదిలోంచే పోయింది. గది తాళం సాంసన్ దగ్గరుంది. సెలవు రోజున అతను గదిలోకి పోయినట్టు గుమ్మం బయటి కెమెరాలో కనబడింది. ఇంకేం కావాలి?

ఆ రోజు ఏసీ నుంచి నీళ్లు కారి బీరువా సందులోంచి పెట్టె మీద పడుతుంటే గది అద్దంలోంచి చూసి లోపలికి పోయాడు సాంసన్. తన తువ్వాలతో పెట్టె తుడిచి, కింద తొట్టి పెట్టి వచ్చాడు. అంతే జరిగింది. ఆ మాట ప్రాజెక్టు ఆఫీసరు జయశ్రీ విచారించిన రోజునే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆమె అడిగిన తీరు అట్లాంటిది. డ్రైవర్లు, వాచ్‌మన్, ల్యాబు ఆడపిల్లలు అందరూ చూస్తుండగా నడిమధ్య నిలబెట్టింది. ఎందుకు పోయావు అని అడగలేదు. మొదటి మాటే, "ఎవరికి అమ్మావు?"

సాంసన్ పళ్లు బిగించి నిలబడ్డాడు. ఆమె మళ్లీ అడిగింది. మళ్లీ పలకలేదు.

"పలకట్లేదంటే ఒప్పుకున్నట్టే కదా మేడం," అన్నాడు శివకుమార్.

ఆమె తలూపింది. గది తాళాలు గుంజుకున్నారు, పనిలోంచి ఆపారు, పోలీసులకు ఫిర్యాదు టైపు చేయించారు. అది స్టేషనుకు పోయే ముందు, ప్రాజెక్టుకు డబ్బు పెట్టిన హైదరాబాదు వాళ్లు మాత్రం ఒక మెలిక పెట్టారు. పెట్టె మాట మీద మనిషిని జైలుకు పంపుతున్నాం గనుక, ముందు బయటి వాళ్లతో పెట్టెను పరీక్ష చేయించాలన్నారు.

ఇంట్లో భార్య కృప మొత్తుకుంది. "నీళ్లు తుడవనీకె పోయిన అని ఒక్క మాట చెప్పరాదా?"

"చెప్ప. దొంగ అన్నంక ఏం చెప్పినా దొంగ మాటే అయితది."

"నీ పంతంతోని మేం నలుగుట్ల మొఖం ఎత్తుకోలేకపోతున్నం."

ఆ మాట నిజమే మరి. చర్చిలో పక్కన కూర్చునేవాడు బెంచీ మారాడు. హోటల్లో చాయ్ అడిగితే ముందు అతని మొహం చూసి, తర్వాత గ్లాసు పెడుతున్నారు.

*

పరీక్ష చేయడానికి వచ్చిన మనిషి పేరు రేఖ. నాగర్‌కర్నూలు పిల్ల, హైదరాబాదులో ఈ విద్యే చదివి అక్కడే పరిశోధన చేస్తోంది. ఆఫీసు జీపులో ఆమెను తెచ్చిన డ్రైవర్ నాగేశ్, పనిలోంచి ఆపినా వచ్చి గేటు తీసి నిలబడ్డ సాంసన్‌ను చూసి కిందికి ఉమ్మేశాడు. ఒకప్పుడు మామా, మామా అని వెంట తిరిగినోడే. నాగేశ్ తండ్రి గింజలు కూడా దళారులే ఎత్తుకుపోయారు.

"ఏం సారు," అన్నాడు నాగేశ్, "ఇల్లు ఎన్ని అంతస్తులు లేపుతున్నవు?"

"నీ అయ్యను అడుగు పో, మేస్త్రీ పనికి వస్తడేమో."

నాగేశ్ మీదికి వచ్చాడు. రేఖ నడుమ నిలబడింది.

"సాంసనన్న అంటే నువ్వేనా? నీతోనే పనుంది. అష్టాచెమ్మ ఆడొస్తదా?"

సాంసన్‌కు ఆమె కూడా ఎగతాళి చేస్తున్నట్టే అనిపించింది. "జైలుకు పోయేముందర ఆడుకోమంటవా మేడం?"

"నిజంగనే అడుగుతున్న."

గదిలో జయశ్రీ, శివకుమార్ ముందు ఆమె చెప్పింది. "నేను ఈ పెట్టె ఇప్పి చూడ. ఇప్పినా లోపల ఏముందో పూర్తిగ తెల్వదు. ఎవరు చేసిండ్రు, ఎంత పెద్ద కంపెనీ, అది కూడ నాకు అక్కెర లేదు. పెట్టె దొంగదే అనుకొని మొదలువెడ్త. ఇద్దరు దొంగలు దొరికితే ఏం చేస్తరు? వేరు వేరు గదుల్ల పెట్టి అడుగుతరు. గట్లనే ఇక్కడి పెట్టెను ఇక్కడ, వనపర్తి పెట్టెను అక్కడ, ఒక్కటే పారి అడుగుత."

ఆట ఇది. రెండు ఊళ్లలోనూ ఒక్కొక్కరు ఒక్కో చింతగింజ పట్టుకుని కూర్చోవాలి. రాతి మీద ఒక పక్క అరగదీసిన గింజ. ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు. పెట్టె కీచుమన్నప్పుడల్లా గింజ వేసి, పడ్డ రంగు మీట నొక్కాలి. పెట్టె ఎర్ర దీపమో పచ్చ దీపమో వెలిగించి జవాబు చెప్తుంది. రెండు ఊళ్లలోనూ నలుపు పడితే రెండు పెట్టెలూ వేర్వేరు దీపాలు వెలిగించాలి. ఇంకెట్లా పడ్డా ఒకే రంగు వెలిగించాలి. ఈ పెట్టెకు ఆ ఊళ్లో ఏం పడిందో తెలియదు. ఆ పెట్టెకు ఈ ఊరి సంగతి తెలియదు.

"ముందే కూడబలుక్కొని వచ్చిన పెట్టెలైతే నాలుగిట్ల మూడు పార్లు గెలుస్తయి," అంది రేఖ. "ఎంత తెలివిగ కూడబలుక్కున్నా దానికి మించి కాదు. లోపల నిజంగ ఒకదానితోని ఒకటి ముడివడ్డ జంట వెలుగులే ఉంటె మాత్రం మించి గెలుస్తయి. మించినయంటే వాటి మాట నమ్మొచ్చు. ఎవరు చేసినా నమ్మొచ్చు."

"రంగు ఎన్నుకోవడానికి మా మిషన్‌లోనే ఏర్పాటుంది మేడం," అన్నాడు శివకుమార్ నవ్వుతూ. "ఈ కాలంలో చింతగింజలేంటి?"

"ఏ ప్రశ్న వస్తదో ముందే తెలిస్తే జవాబు కూడ ముందే తయారైతది. ప్రశ్న మీ పెట్టెది కావొద్దు."

"అయితే దొంగ చేతికిస్తారా?"

"గింజ ఏసెటోని చేతుల్ల ఏముంది? పడ్డది నొక్కుడే. ఆయన మీ మనిషి కాదని మీరే కాగితం రాసిండ్రు గద. నాకు గదే కావాలె."

సాంసన్‌కు ఒళ్లు మండింది. ఈమె కూడా నువ్వు మంచివాడివి అనలేదు. నువ్వు వాళ్ల మనిషివి కావు అంది, అంతే. అయినా కూర్చున్నాడు. ఇది తప్ప ఇంకో దారి లేదు.

వనపర్తి గదిలో ఆడటానికి అక్కడ ఊడ్చే జమ్ములమ్మను పెట్టారు. సాంసన్ పల్లెలోనే పుట్టిన మనిషి, వయసులో అతని కన్నా పెద్దది, అక్కా అంటాడు. వాడకట్టులో అష్టాచెమ్మలో ఆమెను ఓడించినవాళ్లు లేరు. ఇద్దరి ఫోన్లూ తీసి పక్కన పెట్టారు. మీటలను, దీపాలను రాసుకునే చిన్న మిషన్ రేఖ తనదే తెచ్చి రెండు చోట్లా బిగించింది.

రోజంతా ఆడారు. కీచుమనడం, గింజ వేయడం, మీట నొక్కడం. ఎర్ర, పచ్చ. సాంసన్ ఒక్కో గింజనూ నేలకేసి కొట్టినట్టే వేశాడు. ప్రతి దీపం తన మొహం మీద ఉమ్మినట్టే ఉంది. ఇనుప డబ్బా అది. దీన్ని ఎవరూ నిలబెట్టి అడగలేదు, ఎవరికి అమ్మావు అనలేదు. దీనికి ఏసీ పెట్టి, అద్దాలు పెట్టి, ఇప్పుడు దీనితో ఆట ఆడుతున్నారు.

పొద్దు వాలే ముందు రేఖ రెండు మిషన్లలోని లెక్కలూ కలిపి చూసింది. మొదటి నుంచి ఇంకోసారి చూసింది.

"మించినయి," అంది చివరికి. "మస్తు మించినయి."

శివకుమార్ బల్ల మీద చెయ్యేసి చరిచాడు. "చెప్పానా లేదా? మా పెట్టెకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు." వెంటనే కంపెనీకి ఫోన్ చేశాడు. జయశ్రీ సాంసన్ వైపు చూడకుండా, "రేపు ఫిర్యాదు పంపించేద్దాం," అంది.

సాంసన్‌కు కోపం కూడా ఒక్క క్షణం ఎటో పోయింది. మళ్లీ వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియలేదు. అప్పుడే, పక్కన పెట్టిన అతని ఫోన్ మోగింది. జమ్ములమ్మ. ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే వినబడదు, లౌడు స్పీకరే దిక్కు.

"ఏం తమ్మీ, గెలిసినమా?"

"ఎక్కడి గెలుసుడక్కా! డబ్బా గెలిసింది. నేను మునిగిన."

"అయ్యో, గదేంది? నేను ఎంత మంచిగ ఆడితినో! పొద్దుగాల ఊకె మొండికేసింది. మీట నొక్కితె దీపమే రాదు. నేనూకుంటనా? పలకకుంటె చెల్లదు బిడ్డా అని మళ్ల ఏసిన. పలికేదాంక ఇడ్సిపెట్టలే."

"నిన్నెవలు మళ్ల ఏయమన్నరు?" సాంసన్ గొంతు చించుకున్నాడు. దొరికింది ఆమె ఒక్కతే. "ఒక్కపారి ఏయమంటె ఒక్కపారే ఏయాలె! మనిషివా, ఏందక్కా నువ్వు?"

"ఓయ్, నాకు ఆట నేర్పుతున్నవా? గింజ గోడకు ఆనుకొని నిలవడితె చెల్లదని మళ్ల ఏస్తమా లేదా? గీత మీద పడితె ఏస్తమా లేదా? చెల్లని ఆట చెల్లని ఆటే. నీ అవ్వ కూడ గట్లనే ఆడె."

రేఖ ఒక్క అడుగులో వచ్చి ఫోన్ అందుకుంది. "అమ్మా, నేను రేఖను. మళ్ల ఏసినప్పుడు అదే రంగు పడితె పలికేదా, రంగు మారితె పలికేదా?"

"మారితేనే పలుకుతుండె బిడ్డా. ఒకపారి నల్లది అంటె మూతి ముడుస్తది, తెల్లది ఏస్తె పలుకుతది. ఒకపారి తెల్లది వద్దంటది, నల్లది ఏస్తె నవ్వుకుంట పలుకుతది. ఎన్ని నకరాలో దానికి! పెండ్లిపిల్లగాని లెక్క."

రేఖ నెత్తి పట్టుకుని కుర్చీలో కూలబడింది. "తప్పు నాదే. ఎవలన్న పొరపాటున తప్పు మీట నొక్కితె దిద్దుకుంటరని, మళ్ల కీచుమనేదాంక మీట తెరిచి పెట్టిన. నా మిషన్ ఆఖరుది ఒక్కటే రాసుకుంది."

"ఆమె చేసిందాంట్లో తప్పేముంది?" అన్నాడు శివకుమార్. "అంత పొడుగు తీగలో వెలుగు రాలిపోతుంది. అది ప్రకృతి. రానిదాన్ని ఎట్లా లెక్కిస్తారు? మా సాఫ్ట్‌వేర్ కూడా పలకని ఆటలు తీసేసి మిగిలినవే లెక్కపెడుతుంది."

"తీసేస్తదా?" రేఖ లేచి నిలబడింది. "అయితే మీ పెట్టె ఇష్టమొచ్చిన ప్రశ్నకు పలుకుతది. ఇష్టం లేని ప్రశ్నకు మూతి ముడుస్తది. గట్లయితె ముందే కూడబలుక్కున్న జవాబుకు సరిపోయే ప్రశ్నకే పలికి, ఉత్త రేకు డబ్బా కూడ ప్రతి ఆటా గెలుస్తది సార్. వెలుగు రాలిపోతదా, కావాలనే ఊకుంటదా, బయటినుంచి మనకెట్ల తెలుస్తది?"

"రాలిపోతుంది అంటున్నా కదా. జాయింట్లు ఎవరు వేశారో చూడండి. ఇతనే."

అంతే. అన్ని రోజులుగా బిగించిన పళ్లు విడిపోయాయి.

"ఓ ఇంజనీరూ!" సాంసన్ అరుపుకు ల్యాబు పిల్లలు గుమ్మంలోకి వచ్చారు. "జాయింట్లు నేనే ఏసిన. ఎండల ఏసిన, వానల ఏసిన. నువ్వు ఏసీల కూసోని సంతకం పెట్టినవు, మంచిగున్నయని. ఇప్పుడు చెడిపొయినయా? నీ డబ్బా పలకకుంటె ప్రకృతా? నేను పలకకుంటె దొంగతనమా? దానికి ఇష్టం లేని ప్రశ్న చెల్లదంట, కొట్టేస్తరంట, ఇంకొకటి అడుగుతరంట. నన్ను ఇంకొకటి అడిగిండ్రా ఒక్కలన్న? ఎవనికి అమ్మినవు, ఎవనికి అమ్మినవు, గదొక్కటే! అమ్మనోడు దానికి ఏమని చెప్తడు? ఏ దీపం ఎలిగిస్తడు?"

జయశ్రీ పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"రేపు మళ్లీ ఆడదాం," అంది. "వనపర్తిలో నేనే కూర్చుంటాను."

*

మర్నాడు నియమం మారింది. ఒక్కసారే వేయాలి, ఒక్కసారే నొక్కాలి. నొక్కగానే మీట మూసుకుంటుంది. పలకకపోతే ఎర్ర దీపం వెలిగించినట్టే రాసుకోవాలి. వనపర్తిలో జమ్ములమ్మ పక్కనే జయశ్రీ కూర్చుంది. జమ్ములమ్మకు ఈ నియమం గిట్టలేదని, చెల్లని ఆటను రాసుకునుడేందని పొద్దంతా గొణిగిందని తర్వాత తెలిసింది.

గద్వాలలో సాంసన్ మళ్లీ గింజ పట్టాడు. నిన్నటంత బలంగా వేయలేదు. ఈ ఆటతో తన మంచితనం బయటపడదని అతనికి అర్థమైపోయింది. గెలిస్తే పెట్టె మంచిదవుతుంది, తను దొంగ అవుతాడు. ఓడితే పెట్టె మీద అనుమానం వస్తుంది. తను ఏమవుతాడో ఆ లెక్కలో లేదు.

సాయంత్రం జయశ్రీ తిరిగొచ్చాక రేఖ లెక్క కలిపింది. నాలుగింట మూడు కూడా రాలేదు.

"ఓడిపోయిందా?" అన్నాడు సాంసన్.

"రుజువు కాలే," అంది రేఖ. "పెట్టె దొంగదని నేనంటలేను అన్నా. వెలుగు నిజంగనే రాలిపోయిండొచ్చు. లోపలి నుంచే ఎవరో సంఖ్యలు గుంజుకుంటుండొచ్చు. నాకు తెల్వదు. కాని నన్నెవ్వరు ముట్టుకోలేదు అని అది చెప్పిన మాట సాక్ష్యానికి పనికిరాదు. దాని మాట మీద ఎవ్వర్ని దొంగ అనొద్దు. నా రిపోర్టుల గదే రాస్త."

ఫిర్యాదు కాగితం చింపేశారు. శివకుమార్ గొంతు తగ్గించి, పెట్టెను కంపెనీకి తీసుకుపోయి బాగుచేసి తెస్తామన్నాడు. దానికి మెత్తటి దూది పెట్టె వచ్చింది. ఇద్దరు మనుషులు రెండు పక్కలా పట్టుకుని, పసిపిల్లను దింపినట్టు మెట్లు దింపారు. జీపు వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టారు.

జయశ్రీ సాంసన్‌ను పక్కకు పిలిచింది. "సోమవారం నుంచి పనిలోకి రా సాంసన్. జరిగిందేదో జరిగింది. ఇంతకీ ఆ రోజు లోపలికి ఎందుకు పోయావు?"

"నీళ్లు కారుతుండె మేడం, ఏసీల నుంచి. డబ్బా తడుస్తుంటె తుడిసిన."

ఆమె మొహం చిన్నబోయింది. "ఆ ఒక్క మాట ఆ రోజే చెప్తే సరిపోయేది కదా!"

"మీరు ఆ రోజు అడగలే. మీరు ఆ రోజు ఉమ్మిండ్రు."

శివకుమార్‌ను బస్సు దాకా సాగనంపడానికి ఆమె జీపెక్కింది. నాగేశ్ బండి తిప్పి గేటు దగ్గరికి తెచ్చాడు. గేటుకు తాళం వేసి ఉంది. గది తాళాలు గుంజుకున్నారు గానీ గేటు తాళం సాంసన్‌ను ఎవరూ అడగలేదు. ఎండలో నిలబడి గేటు తీసే పని ఎవరికి కావాలి? సాంసన్ గేటుకు ఆనుకుని, తాళం చెవి పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

"తీయి మామా," అన్నాడు నాగేశ్. మామ అన్న పిలుపు మళ్లీ వచ్చింది. "నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న, మా మామ అసుంటోడు కాదని."

"నోరు మూయిరా. నిన్న మొన్నటి ఉమ్మి ఇంకా ఆరలే ఈడ." సాంసన్ జయశ్రీ వైపు తిరిగాడు. "దిగుండ్రి మేడం."

"ఏంటిది? బస్సుకు టైమవుతోంది," అన్నాడు శివకుమార్.

"పోనియ్యి. మేడం, అందరి ముంగట దొంగ అన్నరు. అందరి ముంగటనే కాదనుండ్రి. గప్పుడే గేటు."

వాచ్‌మన్ వచ్చాడు. ల్యాబు పిల్లలు వచ్చారు. ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్న రైతులు గ్లాసులు పట్టుకునే రోడ్డు దాటారు. జయశ్రీ దిగింది. దుమ్ములో నిలబడి, ఆఫీసు గొంతుతో, "సాంసన్ మీద ఆరోపణ రుజువు కాలేదు," అంది.

"డబ్బాకు చెప్పిన మాట నాకు చెప్పకుండ్రి."

"మరేమనమంటావు?"

"నేనెందుకు చెప్తా? ఆ రోజు ఏం అనాలెనో నన్నడిగి అన్నరా?"

ఆమె చుట్టూ చూసింది. అన్ని మొహాలూ ఆమె నోటి కేసే చూస్తున్నాయి. చాలాసేపు నిలబడింది. ఆ నిలబడడం ఎట్లా ఉంటుందో సాంసన్‌కు తెలుసు. జాలి పడదామా అనుకున్నాడు, రాలేదు.

"తప్పు మాది," అంది చివరికి, ఈసారి మామూలు గొంతుతో. "పెట్టె మాట నమ్మి, మనిషిని అడగకుండా దొంగ అన్నాం. సాంసన్ దొంగ కాదు. ఆ రోజు పెట్టె తడుస్తుంటే తుడవడానికి పోయాడు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రైతుల్లో ఒక ముసలాయన మాత్రం, "మరి మా గింజల సంగతి చెప్పిందెవలు?" అని అడిగాడు. జయశ్రీ తల దించుకుని మళ్లీ జీపెక్కింది. సాంసన్ తాళం తీసి రెక్క ఒకటి లాగాడు. ముసలాయన కదల్లేదు. మిగతా రైతులూ కదల్లేదు. గ్లాసులు కింద పెట్టి, తెరిచిన గేటుకు అడ్డంగా జీపు ముందు కూర్చున్నారు.

"సాంసన్, వాళ్లను లేపు!" అన్నాడు శివకుమార్, ఒడిలో కాగితాలు సర్దుకుంటూ.

సాంసన్ రెండో రెక్క కూడా బార్లా తెరిచాడు. తన పని అంతే. పోయి ముసలాయన పక్కన కూర్చున్నాడు.